బాడీ బటర్‌కు కప్పుల లెక్క పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

ఒంటికి రాసుకునే చిక్కటి కొవ్వు లేపనం, అదే బాడీ బటర్, ఇంట్లోనే చేసుకునే పద్ధతులు ఈమధ్య పత్రికల మహిళా పేజీల్లోనూ వీడియోల్లోనూ తరచూ వస్తున్నాయి. జనానికి ఆసక్తి పెరగడం సంతోషమే. కానీ వాటిలో చాలావరకు చలిదేశాల కొలతలు. అర కప్పు షియా (ఆఫ్రికా చెట్టు గింజల నుంచి తీసే కొవ్వు), అర కప్పు కొబ్బరి నూనె, రెండు చెంచాల రోజ్ వాటర్, సువాసన తైలం నచ్చినంత అని రాస్తున్నారు. ఆ లెక్కన చేస్తే మే నెలలో విజయవాడలో డబ్బా మూత తీసేసరికి ఉండేది నూనే. రోజ్ వాటర్ పోసినందుకు బూజు అదనం. ఖరీదైన సరుకు పారబోసుకోవడం ఒక ఎత్తు, పాడైందని తెలియక పసిపిల్లల ఒంటికి రాయడం ఇంకో ఎత్తు.

ముందు ఎండ సంగతి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. షియా బటర్ 32 నుంచి 38 డిగ్రీల మధ్య కరుగుతుంది. మామిడి టెంకలోని జీడి నుంచి తీసే మ్యాంగో బటర్ కూడా ఇంచుమించు అంతే. కొంకణ తీరంలో పండే కోకం గింజల బటర్ ఇంకాస్త గట్టిది, గోరుతో నొక్కితే పెళుసుగా విరుగుతుంది. తేనెమైనం మాత్రం 62 డిగ్రీలు దాటితేగానీ కరగదు. కాబట్టి మన వేసవికి కోకం, మైనం కలవాల్సిందే.

100 గ్రాములకు వేసవి కొలత ఇది: షియా 40 గ్రాములు, కోకం 25, తేనెమైనం 6, నువ్వుల నూనె 28, విటమిన్ ఇ అర గ్రాము, సువాసన తైలం అర గ్రాము. దీన్ని గిలక్కొట్టవద్దు, కరిగినదాన్ని కింద చెప్పినట్టు చల్లార్చి, ఇంకా జారుగా ఉండగానే డబ్బాలో పోసి పేరనివ్వాలి. నురగలా గిలక్కొట్టిన బటర్ ఒకసారి మెత్తబడిందంటే లోపలి గాలి పోయి కుంగిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా మళ్లీ పొంగదు. ఆ సరదా చలికాలానికి ఉంచుకోండి. అప్పుడు షియా 60, మ్యాంగో బటర్ 15, నూనె 24 సరిపోతాయి, విటమిన్ ఇ, సువాసన తైలం అర గ్రాము చొప్పున అంతే. గానుగ నువ్వుల నూనె వాసన సువాసన తైలాన్ని మింగేస్తుందనుకుంటే వాసన తీసిన నూనె వాడాలి. ఇక్కడో ముచ్చట: ఆఫ్రికా షియా, మన ఇప్ప, సపోటా ఒకే కుటుంబం చెట్లు. ఇప్ప గింజల నూనె చలికి నేతిలా పేరుకోవడం ఏజెన్సీ ఊళ్లలో అందరికీ తెలిసిందే. ఘాటు వాసన ఇబ్బంది కాకపోతే పై కొలతలో నూనె బదులు కొంత అదీ వేసుకోవచ్చు.

ఇక అందరూ అడిగేది, బటర్ రవ్వరవ్వగా ఎందుకు అవుతోందని. నెయ్యి పూస కట్టడం చూసినవారికి ఇది కొత్త కాదు. కాచిన నెయ్యి నెమ్మదిగా చల్లారితే అందులో గట్టి కొవ్వు ముందు పేరుకుని పూసలవుతుంది. షియాలోనూ అదే జరుగుతుంది. నేతిలో పూస అందం, ఒంటికి రాసే బటర్‌లో లోపం. అలా కాకూడదంటే గిన్నెను వేడినీళ్ల గిన్నెలో నిలిపి, 70 నుంచి 75 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి, పాత పూస పూర్తిగా కరిగేలా చేయాలి. తర్వాత గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి, అంచులు గీకుతూ ఆపకుండా కలపాలి. 45 డిగ్రీల కిందకి దిగాక సువాసన తైలం, విటమిన్ ఇ వేయాలి. అంతకుముందు వేస్తే వాసన ఆవిరైపోతుంది. చలికాలంలో గిలక్కొట్టేవారు వేలితో గీత గీసి చూడాలి. గీత పూడిపోకుండా నిలిచినప్పుడు హ్యాండ్ బీటర్‌తో ఐదారు నిమిషాలు చాలు. అప్పటికే రవ్వ కట్టినదాన్ని పారేయక్కర్లేదు, మళ్లీ కరిగించి గబగబా చల్లార్చితే చాలు. కాకపోతే వాసన తగ్గుతుంది.

నీళ్ల విషయంలో మాత్రం రాజీ లేదు. రోజ్ వాటర్, కలబంద గుజ్జు, పాలు, తాజా పూలు, ఏవి కలిపినా నీరు చేరినట్టే. నీరు చేరినచోట సూక్ష్మజీవులు చేరతాయి. విటమిన్ ఇ వేశాం కదా అంటారు. అది నూనె ముక్కిపోయిన వాసన రాకుండా కొన్నాళ్లు ఆపుతుంది, అంతే. బూజును, బ్యాక్టీరియాను ఆపలేదు. స్నానం చేసి తడివేళ్లతో డబ్బాలో బటర్ తీసుకోవడం కూడా చిన్న తప్పేం కాదు. వేలి గుంటలో నిలిచిన నీటిచుక్క దగ్గరే మొదట నల్లటి చుక్క కనిపిస్తుంది. పొడి చెంచా వాడండి. నల్లచుక్క కనిపిస్తే పైపైన గీకేయడం కాదు, డబ్బా మొత్తం పారేయాలి.

సువాసనలకు చుక్కల లెక్క కూడా సరికాదు. వట్టివేరు తైలం చిక్కన, దాని చుక్క బరువు. నిమ్మ తైలం పల్చన, దాని చుక్క తేలిక. నగలు తూచేలాంటి చిన్న కాటా కొనుక్కుంటే బాధ పోతుంది. నూటికి అర గ్రాము చాలు. ఒక గ్రాము దాటకండి. దాల్చిన చెక్క తైలం చర్మాన్ని మండిస్తుంది, మానుకోవడమే మేలు. తొక్కను పిండి తీసిన నిమ్మ తైలం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి మచ్చలు పడవచ్చు, అది రాత్రి వాడకానికే. పసిపిల్లలకు చేసేదాంట్లో కర్పూరం అసలు వద్దు. మల్లె తైలం పేరుతో చవగ్గా దొరికేది చాలావరకు కృత్రిమ పరిమళమే. అసలు మల్లె సారం చాలా ఖరీదు. ఇంట్లో మల్లె వాసన కావాలంటే పళ్లెంలో పేరిన కోకం, షియా మీద తేమ ఆరిన మొగ్గలు పరిచి, మర్నాడు తీసేసి కొత్తవి పరచాలి. వారం పది రోజులు ఓపిక పట్టాలి. పూలను కరిగిన బటర్‌లో ఉడికించకండి.

అమ్మేవారికి ఒక మాట. ఇంట్లో చేసినా సరే, అమ్మకానికి చేసే సౌందర్య సాధనాలకు కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. లేబుల్ మీద దినుసులు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు ఉండాలి. గిలక్కొట్టిన బటర్‌లో గాలి ఉంటుంది కనుక 100 మిల్లీలీటర్ల డబ్బా నిండినా బరువు అంతకంటే తక్కువే ఉంటుంది. గ్రాములు తూచి రాయాలి. తామర, సోరియాసిస్ తగ్గుతాయని రాశారంటే అది సౌందర్య సాధనం కాకుండా మందు కిందికి వస్తుంది, దాని నిబంధనలు వేరు.

మీ పేజీల్లో ఇలాంటి తయారీ విధానం అచ్చువేసేటప్పుడు కొలతలు గ్రాముల్లో, వేడి డిగ్రీల్లో ఇవ్వండి. నీరు ఉన్న దినుసు కనిపిస్తే వేసేముందే తీసేయండి. మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగి చూడమన్న వాక్యం కూడా తప్పకుండా చేర్చండి.

– సహజ సౌందర్య సాధనాల తయారీ నేర్పేవారు,
విజయవాడ