మరిగిన నూనె గురించి ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నల్లబడ్డ నూనె మీద ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. రెండింటికి జవాబే లేదు. మూడోదానికి ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఆ సాయంత్రమే మా వీధి చివర బజ్జీల బండి దగ్గరికి వెళ్లి చూశాను. మూకుడులో అదే నూనె, తారులాగా, నురగ కక్కుతూ.

మా ఆయన ఆటో నడుపుతారు. వయసు 44. పోయిన ఏడాది గుండెకు స్టెంట్ వేశారు. డాల్డా, కాచి కాచి వాడిన నూనె ముట్టుకోవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి మా ముగ్గురికీ నెలకు లీటరున్నర దాటకుండా చెంచాతో కొలిచి వండుతున్నాను. పల్లీ నూనె మంచిదా, నెయ్యి మంచిదా అని చుట్టాలందరూ సలహాలే. నేను ఇంట్లో ఏది వాడితే ఏం లాభం సార్? పొద్దున ఆరింటికి ఆటో తీస్తే రాత్రి పదింటికి వస్తారు. ఆకలేస్తే రోడ్డు మీద దొరికేది పూరీ, సమోసానే. ఆ నూనె ఎవరు కొలుస్తారు?

రూల్స్ మీకు తెలియనివి కావు. నూనెను మళ్లీ మళ్లీ కాచితే అందులో పెరిగే చెడు పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి ఉంది. డాల్డా లాంటివాటిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ అనే చెడ్డ కొవ్వు నూనెల్లో, కొవ్వుల్లో 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి ఉంది. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తుందని మా ఆయన గుండె జబ్బు పుణ్యమా అని నేనూ నేర్చుకున్నాను. వేడి నూనెలో ముంచితే ఆ పోలార్ కాంపౌండ్స్ ఎంత శాతమో అంకె చూపించే మీటర్లు ఉన్నాయట. దాన్ని పట్టుకుని మా ఊరికి వచ్చిన మనిషిని ఒక్కరినీ చూడలేదు.

బండి అతని మీద నాకు కోపం లేదు. “రోజూ పారబోస్తే గిట్టదక్కా” అన్నాడు. పైగా అతను పోసేది కొత్త నూనె కూడా కాదు, హోటల్లో వాడేసింది డబ్బాల లెక్కన చవగ్గా కొంటాడు. రోజుకు 50 లీటర్లకు మించి వేపుళ్లకు వాడేవాళ్లు లెక్క రాయాలి కదా, ఆ పుస్తకం ఎవరైనా తెరిచారా? వాడిన నూనెను బయోడీజిల్‌కి సేకరించే రూకో అనే కార్యక్రమం 2018లోనే మొదలైంది. మా ఊళ్లో ఎక్కడ ఇవ్వాలో చెప్పండి, బండి అతని డబ్బా నేనే మోసుకెళ్తాను.

బడి వదలగానే పిల్లలు ఆ మూకుడు చుట్టూనే నిలబడతారు. అందులో మా అబ్బాయి ఒకడు.

ఈ సోమవారం నాలుగో అర్జీ ఇస్తున్నాను. ఈసారి మెసేజ్ వద్దు సార్, మీటరుతో మనిషిని పంపండి.

ఇట్లు,
ఒక ఆటో డ్రైవరు భార్య