ముందు సెర్చ్ సంగతి చూడరా

ఒరేయ్,

మీ ఆరోగ్య సమాచారం సైట్‌కి ఏఐ పెట్టమంటున్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచట్లేదని రాశావు. మా సైటూ అలాంటిదే కదా, ఏడాదిగా నేను పడుతున్న పాట్లు అవే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

చాట్‌బాట్ మాట కాసేపు పక్కన పెట్టు. నీ సెర్చ్‌లో ఏమీ దొరక్క వెళ్ళిపోయినవాళ్ళు ఏం కొట్టారో లాగ్‌లు (సెర్చ్ రికార్డులు) తీసి చదువు. మావి చదివాక నాకు మనసు చివుక్కుమంది. "జ్వరానికి ఏం చెయ్యాలి" అంటే "జ్వరం" అని రాసిన పేజీ రాలేదు. మనకి విభక్తి చేరితే మాట రూపే మారిపోతుంది కదా, అక్షరాలు పోల్చుకునే సెర్చ్‌కి ఆ రెండూ వేరే మాటలు. ఇక "పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది" అని కొట్టిన తల్లికి ఏం దొరుకుతుంది?

ఇక్కడే ఎంబెడింగ్‌లు ఆదుకుంటాయి. వాక్యాన్ని వందల అంకెల వరుసగా మారుస్తాయి. అర్థం దగ్గరైతే ఆ వరుసలూ దగ్గరగా ఉంటాయి. 2013లో వర్డ్‌టువెక్ అనే పద్ధతి విడి మాటలకు చేసిన పనిని, 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అనే ఏఐ పద్ధతి సందర్భంతో సహా చేసేలా చేసింది. గూగుల్ 2019లో సెర్చ్‌లో ఆ పద్ధతితో చేసిన బెర్ట్ అనే మోడల్‌ని పెట్టింది ఇందుకే. అయితే పాత సెర్చ్ తీసెయ్యకు. మందు పేరు వెతికేవాళ్ళకి అక్షరాల పోలికే మేలు. మేం రెండూ కలిపి వాడుతున్నాం.

ఇక జవాబులు చెప్పించడం. మా టెస్టింగ్‌లో జవాబులు రాసే ఏఐ మోడల్ ఒక మందు మోతాదు చెప్పింది. మా పేజీల్లో ఎక్కడా లేని అంకె! ఎంత ధీమాగా చెప్పిందంటే, నేనూ ముందు నమ్మేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదురా. మోడల్ తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి రాసుకుంటూ పోతుంది, అది నిజమో కాదో సరిచూసుకోదు. అందుకే ముందు మన పేజీల్లోంచి సంబంధించిన పేరాలు తెచ్చిచ్చి, వాటినిబట్టే రాయమనాలి. 2020లో ఒక పరిశోధనా పత్రం దీనికి ఆర్‌ఏజీ (రిట్రీవల్-ఆగ్మెంటెడ్ జనరేషన్, అంటే వెతికి తెచ్చి రాయించడం) అని పేరు పెట్టింది. అప్పుడూ తప్పులు పూర్తిగా పోవు. మోతాదులు మాత్రం మోడల్ చేత అస్సలు రాయించొద్దు, డాక్టర్ రాసిన వాక్యాన్నే ఉన్నదున్నట్టు చూపించు. ప్రతి జవాబు కింద ఏ పేజీలోదో లింక్ ఉండాలి. దొరక్కపోతే "మా దగ్గర లేదు" అనాలి.

అన్నట్టు, తెలుగు మాటల్ని మోడళ్ళు ఇంగ్లిష్ కన్నా ఎక్కువ టోకెన్లుగా (మోడల్ చదివే చిన్న ముక్కలుగా) విడగొడతాయి, బిల్లు టోకెన్ల లెక్కన కాబట్టి అదీ పెరుగుతుంది. బడ్జెట్ అడిగేటప్పుడు మరిచిపోకు.

ఓ నెల లాగ్‌లు పేర్లూ నంబర్లూ తీసేసి పంపు. ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఉంటాను మరి,
నీ నేస్తం