పదకొండు రోజుల సంక్రాంతి: కేంద్ర మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి నమస్కారాలతో రాస్తున్నాను. ఫోన్లలోని యాప్ స్టోర్ల తీరు మీద ఇది మీకు నా నాలుగో లేఖ. మొదటిదానికి నమోదు సంఖ్య వచ్చింది. రెండోదానికి "తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగానికి పంపడమైనది" అన్న ఒక్క వాక్యం వచ్చింది. మూడోదానికి అదీ రాలేదు గానీ, వెబ్‌సైట్‌లో చూస్తే నా ఫిర్యాదుకు ఎదురుగా "పరిష్కృతం" అని పచ్చరంగులో కనబడింది. ఎవరు పరిష్కరించారో, ఏమని పరిష్కరించారో నాకు మాత్రం చెప్పలేదు. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

యాప్ స్టోర్లు మా అమ్మకాల మీద తీసుకునే కమీషన్ సంగతి, 2022 అక్టోబరులో గూగుల్ మీద సీసీఐ (కాంపిటీషన్ కమిషన్) ఇచ్చిన ఉత్తర్వు సంగతి, పెద్ద డిజిటల్ కంపెనీలను కట్టడి చేయాలన్న డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా సంగతి మీకు నేను వివరించనక్కర్లేదు. ఆ ఫైళ్లన్నీ మీ బల్ల మీదుగా వెళ్లినవే. ఆ ఫైళ్లలో లేనిది ఒకటి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మేము ముగ్గురం. నేను, నాతో చదువుకున్న స్నేహితురాలు, బొమ్మలు గీసే ఒక కుర్రాడు. రెండు గదుల అద్దె వాటాలో కూర్చుని వామనగుంటల ఆటను ఫోనులోకి తెచ్చాం. మా అమ్మ పెళ్లినాటి చెక్కపీట మీద పద్నాలుగు గుంటలు ఉన్నాయి. చింతగింజ ఖాళీ గుంటలో పడితే ఒక చప్పుడు, గింజల మీద పడితే మరో చప్పుడు. ఆ రెండూ వేరువేరుగా వినబడాలని పట్టుబట్టాం. రాత్రి రెండు దాటాక, రోడ్డు మీద లారీలు తగ్గాక, ఫ్యాను ఆపి, ఫ్రిజ్ కూడా ఆపేసి, అమ్మ చేత గింజలు వేయించి రికార్డు చేశాం. మూడు రాత్రులు పట్టింది. ఆ మూడు రాత్రులూ ఫ్రిజ్‌లోని పాలు విరిగిపోయాయి. మొదటి పది ఆటలు ఉచితం, ఆ తరువాత ఒక్కసారి 49 రూపాయలు. ప్రకటనలు లేవు, పందెం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆటల మీద 2025లో చట్టం తెచ్చారు, సంతోషం. మాది ఆ కోవలోనిది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను, ఎందుకంటే ఆటలు చేస్తామనగానే ఇప్పుడు బ్యాంకువాళ్లు కూడా కళ్లద్దాలు సవరించుకుంటున్నారు.

సంక్రాంతి మాకు పంట చేతికొచ్చే సమయం. సెలవులకు ఊళ్లకు చేరిన వాళ్లు పాత ఆటల కోసం వెతుకుతారు. మిగిలిన పదకొండు నెలల్లో అమ్మేది ఒక ఎత్తు, ఆ పది రోజుల్లో అమ్మేది ఒక ఎత్తు. జనవరి 8 సాయంత్రం ఆరు గంటలకు మా ఆటను స్టోర్ నుంచి తొలగించినట్టు మెయిల్ వచ్చింది. ఏ స్టోరో రాయను. రేపు మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి కదా.

మేము చేసిన నేరమేమిటంటే, ఆటలో "మా గురించి" అన్న పేజీ చివర ఒక వాక్యం ఉంది: "పాఠశాలలు, గ్రంథాలయాలు ఎక్కువ ప్రతులు కావాలనుకుంటే మాకు రాయండి." దాని కింద మా మెయిల్. కొనుగోలుదారులను బయటి చెల్లింపు వైపు మళ్లిస్తున్నామని అభియోగం. చెల్లింపు లింకు లేదు, ధర లేదు, క్యూఆర్ కోడ్ లేదు. రెండేళ్లుగా ఎవరికీ అభ్యంతరం లేని వాక్యం పండగకు ఆరు రోజుల ముందు నేరమైంది.

ఆ వాక్యాన్ని అరగంటలో తీసేసి కొత్త ప్రతి పంపాం. అప్పీలు పెట్టాం. మర్నాడు జవాబు వచ్చింది: పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు. ఏ ప్రతిని పరిశీలించారని అడిగాం. అవే నాలుగు వాక్యాలు, అక్షరం తేడా లేకుండా, మళ్లీ వచ్చాయి. మూడోసారీ అంతే. కరెంటు బిల్లు తప్పు వస్తే వెళ్లి అడగడానికి ఒక కిటికీ ఉంటుంది. కిటికీ వెనుక విసుక్కునే గుమస్తా అయినా ఉంటాడు. మంత్రివర్యా, ఆ విసుగు కోసం నేను మొహం వాచిపోయానంటే నమ్ముతారా? ఫోను నంబరు లేదు, పేరు లేదు, ఊరు లేదు. భోగి మంట దగ్గర అందరూ పిడకలు వేస్తుంటే నేను ఫోను చూసుకుంటూ నిలబడ్డాను. కనుమ వెళ్లింది, ముక్కనుమ వెళ్లింది. జనవరి 19న ఆట తిరిగి కనబడింది. ఎందుకు తీశారో చెప్పారు గానీ, ఎందుకు తిరిగి పెట్టారో చెప్పలేదు. ఆ రోజు మూడు ప్రతులు అమ్ముడయ్యాయి. అందులో ఒకటి మా పిన్ని కొన్నది.

ఇక కమీషన్. చిన్నవాళ్లకు 15 శాతమే కదా అంటారు. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు అమ్మేవారికి రెండు పెద్ద స్టోర్లూ ఆ రాయితీ ఇస్తున్నాయి, కాదనను. 49 రూపాయల మీద ఏడు రూపాయల ముప్పై అయిదు పైసలు. పన్నుల సంగతి వేరే. ఇదే ఊళ్లో మధురవాడ కూడలిలో టీ కొట్టు ఆయన పది రూపాయల టీకి పది రూపాయలూ ఖాతాలో వేసుకుంటున్నాడు. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి రుసుము లేకుండా చేసింది మీ ప్రభుత్వమే. ఆయనకు దక్కిన న్యాయం మాకు ఎందుకు అందలేదంటే, మా సరుకు గ్లాసులో పోసేది కాదు కాబట్టి.

సీసీఐ ఉత్తర్వు తరువాత గూగుల్ మన దేశంలో సొంత చెల్లింపు పద్ధతి పెట్టుకోవచ్చంది. పెట్టుకుంటే కమీషన్‌లో నాలుగు శాతం తగ్గిస్తామంది. ముప్పై ఇచ్చేవారికి ఇరవై ఆరు, పదిహేను ఇచ్చేవారికి పదకొండు. మేము కాగితం మీద లెక్క వేసుకున్నాం. పదకొండు శాతం అంటే అయిదు రూపాయల ముప్పై తొమ్మిది పైసలు. చెల్లింపులు నడిపే గేట్‌వే సంస్థను విచారిస్తే రెండు శాతం అడిగింది, అది తొంభై ఎనిమిది పైసలు. మొత్తం ఆరు రూపాయల ముప్పై ఏడు. అంటే ఒక్కో ప్రతికి మాకు మిగిలేది మరో తొంభై ఎనిమిది పైసలు. దానికోసం కోడు తిరగరాయాలి, డబ్బు వాపసు తగాదాలు మేమే తీర్చుకోవాలి, అమ్మకాల లెక్కలు వాళ్లకు అప్పజెప్పాలి. దీన్ని ఎంపిక అంటున్నారు.

మా ఊరి ఫిషింగ్ హార్బర్‌లోనూ కమీషన్ ఏజెంట్లు ఉన్నారు. పడవ యజమాని నచ్చిన చోట చేపలు అమ్ముకోలేడు, ఆ ఏజెంటుకే వేయాలి. కానీ అక్కడ ఒక కారణం ఉంది. వేటకు వెళ్లే ముందు డీజిలుకు, ఐసుకు, వలకు అడ్వాన్సు ఇచ్చింది ఆ ఏజెంటే. మేము ఎవరి దగ్గరా పైసా అడ్వాన్సు తీసుకోలేదు. తీసుకోకుండానే కట్టుబడి ఉన్నాం.

కోర్టుకు వెళ్లొచ్చుగా అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. అమెరికా ఆటల కంపెనీ ఎపిక్ గేమ్స్ సంగతి మీకు తెలిసిందే. తన ఫోర్ట్‌నైట్ ఆటలో సొంత చెల్లింపు పెట్టినందుకు 2020 ఆగస్టు 13న యాపిల్, గూగుల్ రెండూ ఒకే రోజు ఆ ఆటను తీసేశాయి. కోట్లకు పడగలెత్తిన కంపెనీ కాబట్టి అదే రోజు కోర్టుకెక్కింది. 2021 సెప్టెంబరులో జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ యాపిల్ మీద మోపిన అభియోగాల్లో ఒకటి తప్ప అన్నీ తోసిపుచ్చారు. ఆ మిగిలిన ఒక్కటీ ఏమిటంటే, బయట కొనుక్కోవచ్చని కొనుగోలుదారుకు చెప్పనివ్వాలని. అది అమలు కావాల్సిన వేళకు, 2024 జనవరిలో, యాపిల్ బయటి లింకు ద్వారా కొన్నదాని మీద కూడా 27 శాతం అడిగింది. కావాలనే ఆదేశాన్ని ఉల్లంఘించారని అదే జడ్జి 2025 ఏప్రిల్ 30న తేల్చేదాకా ఆ తంతు సాగింది. అయిదేళ్లు. అంత పెద్ద యుద్ధం చేసి అమెరికా డెవలపర్లు సంపాదించుకున్నది, "మా గురించి" పేజీలో నేను రాసుకున్న ఒక్క వాక్యం లాంటిదే. ఆ తీర్పు అమెరికా ఎల్లలు దాటి రాదు. నా వాక్యం ఇప్పటికీ నేరమే.

మన దగ్గర సీసీఐ ఉత్తర్వులో గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా అన్నారు, పత్రికల్లో పెద్ద అక్షరాల్లో చదివి మిఠాయి పంచుకున్నాం. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ దాన్ని 216.69 కోట్లు చేసింది. ఆపైన వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. జరిమానా ఎంతైనా అది ప్రభుత్వ ఖజానాకు పోయేదే, నా పదకొండు రోజులు అందులో లేవు.

దక్షిణ కొరియా 2021లోనే చట్టం చేసింది, ఒకే చెల్లింపు పద్ధతిని రుద్దకూడదని. తరువాత అక్కడా అదే నాలుగు శాతం తగ్గింపు వచ్చింది, ముప్పై ఇరవై ఆరు అయింది. నిర్బంధాన్ని నిషేధించి కమీషన్ జోలికి పోని చట్టం ఎలా ఉంటుందో మనకన్నా ముందే ఒకరు చేసి చూపించారు. మన ముసాయిదా 2024 మార్చిలో బయటపెట్టి అభిప్రాయాలు అడిగారు. ఈ సంగతే రాసి మేమూ ఆరు పేజీలు పంపాం. చదివారా?

ఆ నెల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, కోపగించుకోకండి. 2024 మార్చి 1న పెళ్లిసంబంధాల యాప్‌లు, ఉద్యోగాల యాప్‌లు కమీషన్ తగాదాలో గూగుల్ ప్లే నుంచి మాయమైతే, ఇది ఒప్పుకునేది కాదని ప్రభుత్వమే గట్టిగా అంది. మాట్లాడారు, పిలిపించారు. 5వ తేదీకల్లా తిరిగి పెట్టడానికి ఒప్పందం కుదిరింది. చాలా మంచి పని చేశారు, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ నాలుగు రోజుల్లో కదలగలిగే ప్రభుత్వం మనకు ఉందని ఆ రోజే తెలిసింది. ఆ తరువాత మూడు లేఖలు రాసిన నాకు ఆ తెలివిడి ఒక శిక్షలా ఉంది. పెళ్లిసంబంధాలు ఆగితే దేశానికి కష్టమే. వామనగుంటలు ఆగితే ఎవరికి?

ఇక్కడ మరో మాట చెవిన వేస్తున్నారు కొందరు. గూగుల్ మన విశాఖకు 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం తెస్తోంది, ఇలాంటి వేళ ఈ గొడవ దేనికి అని. ఆ కేంద్రం రావాలి, నిండా రావాలి. మా కాలనీ పిల్లలకు అందులో ఉద్యోగాలు దొరికితే మొదట సంతోషించేది నేనే. అయితే అతిథి ఇంటికొస్తున్నాడని బాకీల పుస్తకం అటక మీద దాచే అలవాటు మాకు లేదు.

ఏమి కావాలి అని అడుగుతారేమో. తీసేసే ముందు చెప్పాలి. చెప్పేది మనిషి అయి ఉండాలి. తప్పు దిద్దుకుంటే ఆ రోజే తిరిగి పెట్టాలి. సొంత చెల్లింపు పెట్టుకున్నవాడి దగ్గర ఏ సేవకు ఎంత తీసుకుంటున్నారో లెక్క చూపించాలి. బిల్లు తెస్తారా, నిబంధనలు తెస్తారా, మరో నాలుగు రోజుల మంతనాలు చేస్తారా, అది మీ చిత్తం. ఏదీ కుదరకపోతే, కుదరదని అయినా రాయండి. ఒక మనిషి సంతకంతో వచ్చే కాగితం మీద ఎంతో మోజుపడి ఉన్నాను.

మొన్న అనకాపల్లి నుంచి ఒక ప్రధానోపాధ్యాయురాలు ఎలాగో నా నంబరు సంపాదించి ఫోను చేశారు. నలభై మంది పిల్లలకు కావాలట, ఎలా కొనాలమ్మా అని అడిగారు. ఆ మాట మీ ఆటలోనే ఎక్కడైనా రాయొచ్చు కదా అని కూడా అన్నారు. ఆమెకు ఏమి చెప్పాలో ఆలోచిస్తున్నాను.

పాత మూడు ఫిర్యాదుల నమోదు సంఖ్యలూ మీ కార్యాలయానికి పంపే ప్రతికి జత చేస్తున్నాను. నాలుగోది మీరే ఇవ్వాలి.

భవదీయురాలు,
ఒక చిన్న ఆటల తయారీదారు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం