ప్రభుత్వాసుపత్రిలో ఫ్లూ టీకా ఎప్పుడు దొరుకుతుంది?

సంపాదకులకు,

వానాకాలం జ్వరాలు మొదలైతే చాలు, ఫ్లూ టీకా మీద మన జనానికి ఆసక్తి లేదన్న మాట వినిపిస్తుంది. ఆ నింద జనం మీద వేయడం న్యాయం కాదు. పిల్లలకు బుధ, శనివారాల్లో వేసే సార్వత్రిక టీకాల జాబితాలో ఇది లేదు. కావలసినవారు ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి వెయ్యి రూపాయలకు పైగా పెట్టుకోవాలి. వైరస్ రూపు మార్చుకుంటుంది కాబట్టి ఆ ఖర్చు ఏటా తప్పదు. బీపీ, షుగరు మాత్రలకే వెతుక్కునే వృద్ధ దంపతులు దాని జోలికి పోతారా?

డబ్బు సంగతి ఎంత పెద్దదో కరోనా కాలంలోనే తేలింది. 2022 ఏప్రిల్ 10 నుంచి 18–59 ఏళ్లవారికి ముందుజాగ్రత్త (బూస్టర్) డోసును ప్రైవేటు కేంద్రాల్లో రుసుముతో ఇచ్చారు. మూడు నెలలు గడిచినా వేసుకున్నవారు ఒక్క శాతం కూడా లేరు. జూలై 15 నుంచి 75 రోజులు ఉచితమనేసరికి కోట్ల మంది వచ్చారు. అప్పటికి కరోనా భయం చాలావరకు తగ్గిపోయింది కూడా.

జనంలో అపోహలు లేవని నేను అనను. జలుబుకు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అనే మాట మనకు తెలిసిందే. దాన్నే ఫ్లూకూ వర్తింపజేసుకుంటాం. స్వైన్ ఫ్లూ అంటే మాత్రం హడలిపోతాం. దేశంలో దాని తొలి కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది. 2015 ఆరంభంలో తెలంగాణను మళ్లీ వణికించింది. స్వైన్ ఫ్లూ తెచ్చే ఆ హెచ్1ఎన్1 రకం వైరస్ ఇప్పుడు ఏటా వచ్చే ఫ్లూలో భాగమైంది, ఈ టీకా దానికీ పనిచేస్తుంది. ఈ ఒక్క ముక్క చెప్పేవారు లేరు.

చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలి. వైరస్‌కు సరిగ్గా సరిపోయిన ఏడాది కూడా దీని రక్షణ 40 నుంచి 60 శాతం మధ్యే ఉంటుంది. మామూలు జలుబును ఇది ఆపదు. కానీ వేసుకున్నవారికి ఫ్లూ సోకినా ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం తగ్గుతుంది. గర్భిణి వేయించుకుంటే, టీకా వయసు రాని ఆరు నెలల లోపు పసికందుకూ రక్షణ దొరుకుతుంది. సూదిమందులో ఉండేది బతికున్న వైరస్ కాదు, దానివల్ల ఫ్లూ రాదు. గొప్పలు చెప్పి వేస్తే, తర్వాత ఒక తుమ్ము వచ్చినా టీకా దండగ అంటారు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందు గర్భిణులకు, అరవై దాటినవారికి, ఉబ్బసం, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారికి ఉచితంగా వేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో బీపీ, షుగరు మందులు పంచే 104 వాహనంలోనే దీన్నీ పంపవచ్చు. ప్రపంచానికి టీకాలు ఎగుమతి చేసే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీని పక్కనే ఉంచుకుని, సరఫరా కష్టమనడం బాగుండదు. ఆసుపత్రి సిబ్బంది తాము ముందు వేయించుకుంటే రోగులకు ధైర్యంగా చెప్పగలరు. టీకా వేశాక రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. కాబట్టి ఆగస్టులో శిబిరాలు పెట్టి ఫొటోలు దిగడం కాదు, మే నెలాఖరుకే పని పూర్తికావాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి