మంగళవారం సెలూన్ తెరిచాడ్రా!

ఒరేయ్ గుండూ,

నీ మెసేజ్‌లన్నీ చూశా, రిప్లై ఇవ్వలేదు, తిట్టుకునే ఉంటావ్, తిట్టుకో. సారీ. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో దూరి నీ ఆఫీసు సోది మొదలెడతావని ఇలా కూర్చుని టైప్ చేస్తున్నా. అమ్మ మోకాలు పర్లేదు, పాప యూకేజీకొచ్చింది, కోతలైపోయాయి, కోడిగుడ్ల సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలీదు, నిశ్చింతగా ఉండు.

ఇక అసలు విషయం. మన బాబాయ్ సెలూన్ ఉంది కదా, టెన్త్ సెలవల్లో నీకు స్టెప్ కటింగ్ మొదలెట్టి చివరికి నీకీ పేరు తెచ్చిపెట్టిన సెలూను, అది ఇప్పుడు మంగళవారం తెరుస్తున్నాడ్రా! మేమే తెరిపించాం.

మా అక్క కొడుకు సంగతి నీకు తెలుసుగా. వాడి మూలంగానే నేను ఈ ఆటిజం వాలంటీర్లలో పడ్డా. భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపేది) టీచరమ్మ, కొందరు తల్లులు, డిగ్రీ చదివే కుర్రాళ్ళు, ఇదే మా గుంపు. ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినం కదా, 2008 నుంచి చేస్తున్నారు, మేమూ నీలం టీషర్టులేసుకుని మెయిన్ రోడ్డు మీద ర్యాలీ తీశాం, ఫొటోలు దిగాం, బిస్కెట్లు పంచాం, ఇళ్ళకెళ్ళిపోయాం. అంగన్‌వాడీల్లో కూడా మాట్లాడాం. ఎక్కడికెళ్ళినా అవే మాటలు. వాళ్ళ నాన్నకీ ఐదేళ్ళకేగా మాటలొచ్చాయి, వస కొమ్ము అరగదీసి నాకించండి, తల్లి ఉద్యోగానికెళ్తే ఇంతే. ఈ చివరిది వింటే నాకు ఒళ్ళు మండుద్ది. తల్లికి ప్రేమ లేకే పిల్లాడిలా అయ్యాడని ఒకప్పుడు అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లే రాశారు, అది శుద్ధ తప్పని తేలి ఎన్నేళ్ళయిందిరా, మన అరుగుల మీద మాత్రం ఇంకా... టీకాల వల్లే ఆటిజం వస్తుందనే గొడవా అంతే, దానికి మూలమైన పేపర్‌ని 1998లో అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఈ ముక్క చెప్తే ఒకాయన "మరి వాట్సాప్‌లో వచ్చిందే" అన్నాడు. వదిలెయ్, బీపీ ఎందుకు.

ఒక మీటింగ్‌లో ఒకావిడ లేచి "మీ ర్యాలీలు బానే ఉన్నాయండీ, మావాడికి క్రాఫ్ చేయించండి చూద్దాం" అంది. అంతే, అందరం గప్‌చుప్.

నీకు తెలీదేమో, ఈ పిల్లల్లో చాలామందికి ట్రిమ్మర్ చప్పుడు చెవిలో డ్రిల్లింగ్ పెట్టినట్టుంటుంది, మెడ చుట్టూ గుడ్డ కట్టడం, నీళ్ళ స్ప్రే, పౌడర్ బ్రష్ అన్నీ నరకమే. పిల్లాడు అరుస్తాడు, తంతాడు, లైన్లో ఉన్నవాళ్ళు "రెండు తగిలించండమ్మా" అంటారు. ఆవిడేమో వాడు నిద్రపోయాక సెల్‌ఫోన్ లైటేసుకుని కత్తెరతో ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తోందట ఇన్నాళ్ళూ. మా అక్క పక్కన కూర్చుని తలూపుతోంది. నాకా సంగతే తెలీదు చూడు, సొంత అక్క...

సరే, జనం లేని రోజు ఏదా అంటే మంగళవారం. బాబాయ్ దగ్గరికెళ్తే గయ్‌మన్నాడు. "మంగళారం నేను కత్తి పట్టనురా, మా నాన్నా పట్టలేదు." అటు పిల్లల నాయనమ్మలు ఇంకా గోల, మంగళవారం మగపిల్లాడి జుట్టు కత్తిరిస్తారా, అరిష్టం కాదూ అని. టీచరమ్మ మాత్రం నింపాదిగా "కత్తి పట్టొద్దండీ, కుర్చీ ఒక్కటివ్వండి" అంది. ఆ మాటకి బాబాయ్ మెత్తబడ్డాడు. అంటే ఏంటంటే, మంగళవారం ఉత్త రిహార్సల్. టీవీ కట్, ఫ్యాన్ స్లో. సెలూన్ ఫొటోలు వరసగా కార్డుల మీద అతికించి పిల్లాడికి ముందే చూపిస్తాం, గుమ్మం, కుర్చీ, గుడ్డ, కత్తెర, అయిపోయింది, ఇల్లు. మొదట్లో గుమ్మం దాకానే. తర్వాత కుర్చీ ఎక్కి ఓసారి గిర్రున తిరిగి దిగిపోవడం. తర్వాత ట్రిమ్మర్‌ని ఆపేసి చేతికిచ్చి ఆడుకోమనడం. అసలు క్రాఫ్ బుధవారం పొద్దున్నే, షాపు తెరవకముందు, కత్తెరతోనే. నాయనమ్మలూ శాంతం, బాబాయ్ నాన్నగారి ఆత్మా శాంతం!

ఇప్పుడు విను. మొన్న బుధవారం ఆ మీటింగావిడ కొడుక్కి మొదటి క్రాఫ్. టైమర్ పెట్టాం, అది మోగితే ఆపేస్తామని వాడికి మాటిచ్చాం. బాబాయ్ ఊపిరి బిగబట్టి కుడివైపంతా సాఫీగా లాగించేశాడు, టైమర్ టింగ్‌మంది, వాడు గుడ్డ పీకేసి దిగిపోయాడు! సగం తల! డిగ్రీ కుర్రాడు వెనకాల పరిగెత్తబోతే బాబాయే చెయ్యడ్డం పెట్టి "మాటిచ్చాం కదరా, పోనీ" అన్నాడు. నీ తల మీద లేని దయ గుండూ అది, నాకు కుళ్ళొచ్చింది.

ఆవిడ మామూలుగా అయితే వాణ్ణి చున్నీలో చుట్టేసి సందుల్లోంచి పట్టుకెళ్ళేది. ఆ రోజు మెయిన్ రోడ్డు మీదే నడిపించుకెళ్ళింది, సగం జుట్టుతో. టీకొట్టు దగ్గర ఒకాయన "ఇదేం క్రాఫమ్మా" అని నవ్వాడు. ఆవిడ ఆగి, "ఆటిజం అండి, చప్పుడు తట్టుకోలేడు, ఇవాళ్టికి ఇంతే చేయించుకుంటాడు, మిగతాది రేపు" అని చెప్పి టీ కూడా తెప్పించుకుని తాగిందిరా! ఆయన ఇంకేం అనలేదు, బల్ల మీంచి జరిగి చోటిచ్చాడు. మా ర్యాలీ మొత్తంలో ఒక్కడు ఒక్క ప్రశ్న అడిగాడా? నీలం టీషర్టు ఇకమీదట పొలానికి వేసుకెళ్తా.

మిగతా సగం మర్నాడు అవలేదు, ఆదివారానికి అయింది. ఈలోగా ఊళ్ళో కుర్రాళ్ళు అదేదో కొత్త స్టైల్ అనుకుని బాబాయ్‌ని... అది మళ్ళీ చెప్తా. ఇంకో తల్లి కూడా అడిగింది, ఆవిడకి పళ్ళ డాక్టర్ దగ్గర ఇలాంటిదే కావాలట. ఆలోచిస్తున్నాం, పళ్ళకి కత్తెర పనికిరాదు కదా.

సదరం క్యాంపు (వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చేది) కథ కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజాన్ని విడిగా చేర్చారు గానీ పథకాలు చాలావాటికి వైకల్యం 40 శాతమైనా ఉందని తేలాలి, ఆ స్లాట్ కోసం అక్క సచివాలయం చుట్టూ... అయ్యో, పాప స్కూల్ వ్యాన్ హారన్ కొడుతోంది, దానికి ఇంకా జడ వెయ్యలేదు, ఉంటారా