రెండు టర్బోల పీడనాన్ని కూడకూడదు, గుణించాలి

సంపాదకులకు నమస్కారం.

ఒకే ఇంజన్‌కు రెండు టర్బోలు (ఇంజన్ వదిలే పొగ బలంతో తిరిగి, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరాలు) బిగించడం గురించి మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసంలో, ఒక్కోటి 1 బార్ (పీడనపు కొలత) చొప్పున బూస్ట్, అంటే బయటి గాలి కంటే అదనపు పీడనం, ఇస్తే మొత్తం 2 బార్లు వస్తుందని రాశారు. ఈ లెక్క ఏ పద్ధతికీ సరిపోదు. వీ ఆకారపు ఇంజన్‌లో చెరో సిలిండర్ వరుసకు ఒకటిగా పక్కపక్కన పెడితే వచ్చేది 1 బారే. ఒకదాని తర్వాత ఒకటి పెట్టే కాంపౌండ్ పద్ధతిలో అయితే 3 బార్లు.

కాంపౌండ్‌లో బయటి గాలి ముందు పెద్ద టర్బోలో ఒత్తుకుని, ఆ తర్వాత చిన్నదానిలోకి వెళుతుంది. ఇంజన్ వదిలే పొగ మాత్రం ముందు చిన్నదాన్ని తిప్పి, మిగిలిన బలంతో పెద్దదాన్ని తిప్పుతుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనమే సుమారు 1 బార్ కనుక, అదనపు పీడనాన్నే చూపే మీటరు 1 చూపినప్పుడు అసలు పీడనం 2. చిన్న టర్బో దాన్ని రెట్టింపు చేస్తే 4 అవుతుంది, మీటరులో 3 కనిపిస్తుంది. వేడి కూడా ఇలాగే పెరుగుతుంది. 35 డిగ్రీల గాలి మొదటి టర్బో దాటేసరికి దాదాపు 130 డిగ్రీలకు, మధ్యలో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేకపోతే రెండోది దాటేసరికి 250 డిగ్రీలకు చేరుతుంది. పెట్రోల్ ఇంజన్‌లో ఆ వేడికి నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి దానంతటదే మండడం) మొదలైతే పిస్టన్లు మిగలవు.

వ్యాసంలో అసలు ప్రస్తావించనిది పొగ వైపు పీడనం. టర్బోల పనిలో ఉన్నవాడిని కాబట్టి చూసిన సంగతే చెబుతాను. వేరే షెడ్డులో కాంపౌండ్ కట్టించుకున్న డీజిల్ కారును ఒక కుర్రాడు మా దగ్గరకు తెచ్చాడు. పికప్‌కు వంక పెట్టలేం, కానీ ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగను టర్బోకు చేర్చే గొట్టాలు) అతుకులోని గ్యాస్కెట్ అప్పటికే రెండుసార్లు పోయింది. ఉన్న ఒక్క మీటరూ ఇంజన్‌లోకి వెళ్లే గాలిది. మ్యానిఫోల్డ్‌కు రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి మరో మీటరు తగిలించి చూస్తే, గాలి వైపు 2.5 బార్లు ఉండగా పొగ వైపు 5 దాటింది. ఎక్కువైన పొగను టర్బో పక్కనుంచి వదిలే గేటును వేస్ట్‌గేట్ అంటారు; చిన్న టర్బో వేస్ట్‌గేట్ రంధ్రంలో చూపుడువేలు కూడా దూరదు. ఇంజన్ పొగంతా ఆ ఇరుకులోనే తోసుకోవాల్సి వచ్చింది. వెడల్పు గేటు పెట్టి, ఎక్కువైన పొగను నేరుగా పెద్ద టర్బోకు మళ్లించాక పీడనం 3.5కు దిగింది. పికప్‌లో తగ్గింది స్వల్పమే.

2004లో బీఎండబ్ల్యూ 535డి కారుకు 3 లీటర్ల డీజిల్ ఇంజన్‌పై చిన్నా పెద్దా టర్బోలు పెట్టి 272 హార్స్‌పవర్ తీసినప్పుడు కూడా, వేగం పెరిగేకొద్దీ పొగను చిన్నదాని పక్కనుంచి పెద్దదానికి మళ్లించే ఏర్పాటు చేశారు. కాబట్టి సొంతంగా కట్టుకునేవారు పెద్ద టర్బోకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకునైనా, రెండు టర్బోల మధ్య ఒకటి, గాలి మ్యానిఫోల్డ్‌కు ఒకటి, పొగ మ్యానిఫోల్డ్‌కు ఒకటి చొప్పున మూడు మీటర్లు కొనాలి. ముందు చిన్న టర్బో గేటును సరిచేసుకున్నాకే డీజిల్ పెంచాలి. (తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. ఇది రేస్ ట్రాక్ బండ్ల మాట.)

వ్యాసంతో పాటు వేసిన బొమ్మలో రెండు టర్బోలకూ వేర్వేరు ఎయిర్ ఫిల్టర్లు చూపించారు. కాంపౌండ్‌కు ఫిల్టర్ ఒక్కటే, అదీ పెద్ద టర్బో ముందు ఉంటుంది. బొమ్మనూ, లెక్కనూ సరిదిద్ది మళ్లీ ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ