పేటెంట్ ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని కాదు: గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

గని నీటి శుద్ధి ప్లాంట్లు, గ్యాస్ డిటెక్టర్లు కొనేటప్పుడు "పేటెంట్ పొందిన సాంకేతికత" అన్న ఒక్క మాటకే టెండర్లలో అదనపు మార్కులు వేయడం ఆపించమని ఈ లేఖ రాస్తున్నాం. పేటెంట్ ఇచ్చేవారు ప్రధానంగా చూసేది ఆ ఆలోచన కొత్తదా, ఆ రంగం తెలిసినవారికి ఇట్టే తట్టేదా, పరిశ్రమలో వాడుకోదగ్గదా అని. ఫలానా గని నీటిలో ఆ యంత్రం ఏడాది నిలుస్తుందా అని నడిపి చూడరు. అది కొనేవాళ్ల పని.

ముందు నీటి సంగతి. పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి) గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, దానితోపాటు ఇనుము, అల్యూమినియం, మాంగనీసు కరిగి వస్తాయి. సున్నం వేసి పీహెచ్ పెంచితే అవి మడ్డిగా దిగుతాయి, కానీ అన్నీ ఒకే పీహెచ్ దగ్గర దిగవు. ఫెర్రిక్ ఇనుముకు (ఆక్సీకరణ చెందిన రూపానికి) పీహెచ్ 3.5 దాటితే చాలు, అల్యూమినియానికి 5 కావాలి. ఫెర్రస్ ఇనుముకు (ఇంకా అలా మారని రూపానికి) 8.5 దాకా, మాంగనీసుకు 9.5 దాకా పోవాలి. అంత పైకి పోతే ముందు దిగిన అల్యూమినియం మళ్లీ కరగడం మొదలవుతుంది. కాబట్టి "ఒకే ట్యాంకులో అన్ని లోహాలూ" అని ఎవరైనా చెబితే, ఒకే శాంపిల్‌లో మాంగనీసు, అల్యూమినియం అంకెలు రెండూ చూపించమనాలి. చాలామంది ఒకటే చూపిస్తారు.

సల్ఫేట్ ఇంకా మొండిది. సున్నంతో కలిసి సల్ఫేట్ జిప్సంగా దిగుతుంది, ఆ జిప్సం కొంతమేర నీటిలో కరిగేదే కనుక, సున్నంతో ఎంత దింపినా లీటరుకు సుమారు 1,500 నుంచి 2,000 మిల్లీగ్రాముల సల్ఫేట్ మిగులుతుంది. ఇంకా తగ్గాలంటే పీహెచ్ 11.5 దగ్గర అల్యూమినియం సమ్మేళనం కలిపి ఎట్రింగైట్ అనే, నీటిలో అంతగా కరగని ఖనిజంగా దింపాలి, లేదా ఆర్‌ఓ పెట్టాలి. ఆర్‌ఓలో 75 శాతం మంచినీరు తీస్తే మిగిలిన పావు వంతులో లవణాలు దాదాపు నాలుగింతలు చిక్కబడి, జిప్సం మెంబ్రేన్ (వడపోత పొర) మీద పొలుసు కడుతుంది. ఆ చిక్కటి నీరు, ఆ మడ్డి ఎక్కడికి పోతాయో రాయని టెండర్‌ను అసలు తెరవకూడదు.

ఇక మీథేన్, గనుల్లో వెలువడే మండే వాయువు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. డిటెక్టర్‌లో దాన్ని పసిగట్టే క్యాటలిటిక్ సెన్సర్‌లో వేడెక్కిన చిన్న పూస మీద గ్యాస్ మండి, లోపలి ప్లాటినం తీగ నిరోధం మారుతుంది. సిలికోన్ గ్రీజు ఆవిరో, హైడ్రోజన్ సల్ఫైడో తగిలితే ఆ పూస మొద్దుబారుతుంది. అప్పుడు గ్యాస్ ఉన్నా తెరపై కనిపించేది సున్నా. శుభ్రమైన గాలిలో కనిపించేదీ సున్నాయే! అందుకే జీరో సరిచూసి సంతకం పెట్టడం పరీక్ష కాదు. తెలిసిన గాఢత గల మీథేన్, ఉదాహరణకు 2.5 శాతం, సెన్సర్ మీదికి వదిలి అలారం మోగుతుందో లేదో చూడాలి. మీథేన్ మరీ ఎక్కువై ఆక్సిజన్ చాలకపోయినా రీడింగ్ పడిపోతుంది, అదింకా ప్రమాదం. (గనుల్లో మీథేన్ అంటుకోకుండా మంట చుట్టూ లోహపు జాలీ పెట్టి 1815లో తాను చేసిన భద్రతా దీపానికి బ్రిటిష్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ పేటెంటే తీసుకోలేదు. ఆ దీపమూ జాలీ చిరిగితే మంటను ఆపలేదు.)

రసాయన ప్రక్రియల గురించి ఒక్క మాట. ఒక లీటరు పాత్రలో నిరూపించిన చర్యను వెయ్యి లీటర్ల రియాక్టర్‌కు పెంచితే పుట్టే వేడి వెయ్యింతలవుతుంది, చల్లబరిచే ఉపరితలం వందింతలే పెరుగుతుంది. పేటెంట్‌లోని ఉదాహరణలు చాలావరకు ఆ చిన్న పాత్రవే.

మేం కోరేది ఇంతే. అమ్మేవారు పేటెంట్ నంబరు, అది ఇంకా అమల్లో ఉందో లేదో, క్లెయిముల్లో (పేటెంట్ హక్కు దేనిమీదో చెప్పే వాక్యాల్లో) ఏ భాగం తమ యంత్రంలో ఉందో రాసివ్వాలి. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు దాటినదైతే ఎవరైనా తయారు చేయవచ్చు, దానికి ప్రత్యేక ధర అక్కర్లేదు. ప్లాంటును ఆ గని నీటితోనే, తొలి వానల వరదతో సహా, పైలట్‌గా నడపాలి. ప్రవాహం, పీహెచ్, సున్నం వాడకం, మడ్డి పరిమాణం రోజూ నమోదు చేసి, సగటులు కాకుండా ముడి అంకెలే ఇవ్వాలి. డిటెక్టర్లకు ప్రతి షిఫ్టు ముందూ గ్యాస్ పరీక్ష తప్పనిసరి చేసి, ఆ రికార్డును కార్మిక ప్రతినిధులు ఎప్పుడడిగినా చూపాలి. తర్వాతి టెండర్ నోటిఫికేషన్‌లోనే ఈ షరతులు చేర్చమని మనవి.

ఇట్లు,
గని నీరు, గ్యాస్ పరికరాల మీద పనిచేసే ఇంజనీర్లు